గునపమును గంపయు చేపట్టిన కైంకర్యము



శ్రీరామచంద్రుడు పితృవాక్యపరిపాలనార్థమై వనమునకు బయలుదేరు వేళ లక్ష్మణస్వామి అన్నగారి పాదములను గట్టిగా పట్టుకొని ఒక విన్నపము చేసినాడు. విల్లును అమ్ములను ధరించి వెంట వచ్చెదననినాడు. క్షత్రియకుమారునకు అది సహజమే. కాని అంతటితో ఆయన ఆగలేదు. నేల త్రవ్వు గునపమును, కందమూలములు తెచ్చు గంపను కూడ చేతబూని, త్రోవ చూపుచు ముందు నడచెదననినాడు. అన్నగారు మేల్కొనియున్నను నిద్రించుచున్నను పనులన్నియు తానే చేసెదనని పలికినాడు. శ్రీవైష్ణవ పూర్వాచార్యులు ఈ విన్నపమును కైంకర్యమునకు ఆదర్శముగా గ్రహించి, మరల మరల తలచి తలచి కరగిపోయిరి.

ఇందు మనము గమనింపవలసిన విషయము ఒకటి కలదు. దశరథ చక్రవర్తి కుమారుడు, సకలశాస్త్రపారంగతుడు, యౌవనమున నున్నవాడు గునపము పట్టుటకు సిగ్గుపడలేదు. గంప నెత్తిన పెట్టుకొనుట తన కులమునకుగాని, చదువునకుగాని తక్కువయని తలపలేదు. వేదాంతవాక్యములు వల్లించెదననలేదు, కందమూలములు తెచ్చెదనన్నాడు. యౌవనమును భగవంతున కర్పించుటయనగా చేతులను అర్పించుట అని ఆ మహానుభావుడు మనకు చూపినాడు.

నేటి యువజనులలో భక్తి లేదని పెద్దలు నిట్టూర్చుట తరచుగా వినుచున్నాము. ఆ మాట నిజమో కాదో విచారించుటకు ముందు, వారి చేతులకు మనము ఏ పని అప్పగించితిమని ప్రశ్నించుకొనుట మంచిది. ఈ విచారణలో మనకు దూరదేశమునుండి ఒక మంచి దృష్టాంతము లభించుచున్నది. మంచి ఎచ్చటనున్నను గ్రహించుట మన సంప్రదాయమే కనుక దానిని మీకు విన్నవించుచున్నాను.

పచ్చిక కోసిన విద్యార్థి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అలబామా అను రాష్ట్రము కలదు. అందు హంట్స్‌విల్ అను నగరమున్నది. 1969లో మానవుని చంద్రమండలమునకు చేర్చిన మహారాకెట్టును రూపొందించిన కేంద్రము ఆ నగరముననే యున్నది. అట్టి నగరమున 2015లో రాడ్నీ స్మిత్ అను యువకుడు కంప్యూటరు శాస్త్రము అభ్యసించుచుండెను. ఆయన జన్మస్థానము బెర్ముడా ద్వీపము. ఒకనాడు కారులో పోవుచుండగా ఒక వృద్ధుడు తన ఇంటి ముంగిట పచ్చిక కోయు యంత్రమును నెట్టలేక అవస్థపడుట ఆయన కంటబడినది. కారు ఆపి, దిగి, యంత్రము తానందుకొని పని ముగించినాడు. జరిగినది ఇంతియే.

చంద్రుని చేరుటకు దారి కనుగొన్న ఊరిలో ఒక ముదుసలికి తన ముంగిలి దాటుట కష్టమైనది. విజ్ఞానమెంత పెరిగినను పొరుగువాని చేయి అవసరము తీరదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఆ దేశపు పరిస్థితి తెలియనివారికి ఇది చిన్న విషయముగా తోచవచ్చును. అచ్చట ఇండ్ల ముందు, వెనుక పచ్చికబయలుండుట ఆచారము. వసంతము మొదలుకొని శరత్తు వరకు ఆ పచ్చిక విడువక పెరుగుచుండును. వారము, పదిదినములకొకసారి కోయవలెను. ఎనిమిది, పది, పండ్రెండు అంగుళములు మించి పెరుగనీయరాదని పలు పట్టణములలో నిబంధనలు కలవు. మీరినచో మొదట తాఖీదు వచ్చును, పిదప జరిమానా పడును. కూలికి కోయించిన ఖర్చు పింఛనుపై బ్రదుకువారికి భారము. మోకాళ్ళు పట్టుదప్పిన వృద్ధులకు, అంగవైకల్యము గలవారికి, బిడ్డలతో ఒంటరిగా నున్న తల్లులకు ఆ పచ్చిక కంటికింపు కాదు, గుండెమీది బరువు.

ఆ యువకునకు ఈ సంగతి మనసున నాటుకొన్నది. అట్టివారి ముంగిళ్ళను ఉచితముగా కోసెదనని నిశ్చయించుకొన్నాడు. చదువు సాగించుచునే, తీరిక వేళలలో ఒక్కొక్క ఇల్లు పూర్తిచేయుచు పోయినాడు. మొదట నలువది ఇండ్లనుకొన్నాడు. తరువాత నూరనుకొన్నాడు. పిమ్మట ఒక సేవాసంస్థను నెలకొల్పి పిల్లలను చేరదీసినాడు. 2017లో ఆ దేశమందలి యేబది రాష్ట్రములును తిరిగి, ప్రతి రాష్ట్రమునను అవసరమున్నవారి పచ్చిక కోసినాడు.

పిల్లల కొరకు ఆయన ఏర్పరచిన వ్రతము మిక్కిలి ముచ్చటైనది. దానిని వ్రతమనుట నా మాట. వారు దానిని యేబది ముంగిళ్ళ సవాలు అని పిలుతురు. ఏడెనిమిదేండ్ల ప్రాయము మొదలుకొని పదునేడేండ్ల వరకు గల బాలబాలికలెవరైనను చేరవచ్చును. తమ ఊరిలోనే వృద్ధులకు, వికలాంగులకు, ఒంటరి తల్లులకు, సైన్యమున పనిచేసి వచ్చినవారికి, మరెవరికైనను అవసరమున్నచో వారికి యేబది మార్లు ఉచితముగా పచ్చిక కోసిపెట్టవలెను. వ్రతము పూనినట్లు ఒక కాగితముపై వ్రాసి తెలిపిన వెంటనే తెల్లని చొక్కాయు, కండ్లకు అద్దములును, చెవులకు రక్షణయు పంపుదురు. పది ముంగిళ్ళు ముగిసిన నారింజరంగు చొక్కా. ఇరువదికి ఆకుపచ్చ, ముప్పదికి నీలము, నలువదికి ఎరుపు, యేబదికి నలుపు. యేబది పూర్తియైన బిడ్డ ఇంటికి ఆయన స్వయముగా ప్రయాణముచేసి వచ్చి, క్రొత్త పచ్చిక కోయు యంత్రమును, తత్సంబంధమైన పనిముట్లను బహూకరించును. వేలాది బాలబాలికలు, ఇతర దేశములవారు సైతము, ఈ సవాలును స్వీకరించిరి.

ఇది దానమే

ఇట్టి పనిని మన శాస్త్రము ఏ పేరుతో పిలుచునో విచారింతము. శ్రీమద్భగవద్గీత పదునేడవ అధ్యాయమున భగవానుడు దానమును మూడు విధములుగా విభజించినాడు. తిరిగి మనకు ఉపకారము చేయజాలని వానికి, ఇచ్చుట ధర్మమను బుద్ధితో, తగిన చోటున, తగిన వేళయందు, పాత్రతనెరిగి యిచ్చునది సాత్త్వికదానము. ప్రత్యుపకారము నాశించి, లేదా మనసులో నొచ్చుకొనుచు ఇచ్చునది రాజసము. అవమానపరచుచు, అనాదరముతో ఇచ్చునది తామసము.

దానమనగానే మనకు ధనము, ధాన్యము, గోవు, భూమి జ్ఞప్తికి వచ్చును. పదునైదేండ్ల బాలునకు ఇవియేవియు తనవి కావు. తండ్రి సంపాదన అతనిది కాదు. అతనికి నిజముగా స్వంతమైనవి రెండే: కాయబలము, సాయంకాలపు తీరిక. ఆ రెంటిని ఇచ్చినవాడు తన సర్వస్వమును ఇచ్చినవాడే. తిరిగి ఏమియు ఈయజాలని వృద్ధురాలికి ఇచ్చెను కావున అది సాత్త్వికము. గడ్డి పెరిగిన వేళనే ఇచ్చెను కావున కాలము సరిపోయినది. ఆమె ముంగిటనే ఇచ్చెను కావున దేశము సరిపోయినది. గీతాశాస్త్రము చెప్పిన లక్షణములన్నియు ఆ బాలుని చెమటబొట్టులో ఇమిడియున్నవి.

అనాదరముతో ఇచ్చినది తామసమను హెచ్చరికను మాత్రము యువకులు మరువరాదు. సాయముపొందు వృద్ధుడు ఒకప్పుడు తన పని తాను చేసికొన్నవాడే. పదిమందికి అన్నము పెట్టినవాడే కావచ్చును. ఇతరులను అడుగుటకు ఆయనకు నోరు రాదు. అందుచేత "తాతగారూ, మేము రామాలయము వాకిలి బాగుచేయుటకు వచ్చితిమి. మా చేతిలో కొడవండ్లున్నవి కదా, మీ దొడ్డి కూడ చూచి పోయెదము, అనుమతి యిండు" అని అడిగినచో ఆయన గౌరవము నిలుచును. "మీకు చేతకాదు గదా, మేము చేసిపెట్టెదము" అన్నచో పని అదే, ఫలము వేరు. ఇచ్చు చేయి క్రిందుగా నుండవలెను.

బహుమానము పుచ్చుకొన్న సేవ సేవయేనా?

ఇచ్చట బుద్ధిమంతులకు ఒక సందేహము కలుగును. పదింటికొక రంగుచొక్కా, యేబదింటికొక యంత్రము ఆశచూపిన తరువాత అది నిష్కామకర్మ యెట్లగును? ఫలమాశించి చేసినది రాజసమే కదా?

సందేహము న్యాయమైనదే. సమాధానము శ్రీరామాయణముననే కలదు. పంచవటిని చేరిన పిమ్మట పర్ణశాలకు తగిన చోటు చూడుమని శ్రీరాముడు తమ్ముని ఆజ్ఞాపించినాడు. లక్ష్మణస్వామి చేతులు జోడించి, తాను పరతంత్రుడననియు, నూరేండ్లున్నను అన్నగారి అధీనుడనే యనియు, చోటు తామే నిర్ణయించి ఇచ్చట కట్టుమని తనను ఆజ్ఞాపింపవలెననియు ప్రార్థించినాడు. పిదప నేల చదునుచేసి, మన్ను కూడగట్టి, స్తంభములు నిలిపి, ఆకులు కప్పి, చూడముచ్చటైన పర్ణశాల నిర్మించినాడు. శ్రీరాముడు దానిని చూచి పరమానందభరితుడై, ఇంతటి పనికి బదులుగా ఇచ్చుటకు ఆలింగనమేయున్నదని తమ్ముని గాఢముగా కౌగిలించుకొన్నాడు.

సర్వలోకప్రభువు సేవకుని ఉత్తచేతులతో పంపలేదు. తమ్ముడు కౌగిలి కొరకు కట్టలేదు; అన్న కౌగిలింపక విడువలేదు. ఆశించుట సేవకుని దోషము కావచ్చును కాని, ఇచ్చుట స్వామికి దోషము కాదు, గుణము. పెద్దలు పిల్లలను మెచ్చుకొనుట ఈ ధర్మమున చేరును. మనమును పసిబిడ్డలను గుడికి అలవాటుచేయునపుడు మొదట చక్రపొంగలి చూపియే గదా పిలిచితిమి! ప్రసాదము కొరకు వచ్చిన బిడ్డ నాలుగేండ్లు గడచిన పిమ్మట స్వామి కొరకు వచ్చుట మనమెరిగినదే.

మరియొక సూక్ష్మము కూడ ఇందు కలదు. యేబది ముంగిళ్ళు ముగించిన బాలునకు దక్కునదేమి? పచ్చిక కోయు యంత్రము. అనగా మరల సేవచేయుటకు సాధనము. ఆ యంత్రముతో అతడు తన జీవిక కొరకు నాలుగు కాసులు సంపాదించుకొనవచ్చును, మరి యేబదిమందికి మేలును చేయవచ్చును. శ్రీవైష్ణవ సిద్ధాంతమున పరమపురుషార్థము ఏది? స్వర్గము కాదు, ఐశ్వర్యము కాదు, కేవల దుఃఖనివృత్తియు కాదు. పరమపదమున నిత్యకైంకర్యమే పురుషార్థము. కైంకర్యమునకు ఫలము కైంకర్యమే. ఈ మహాసిద్ధాంతము ఆ యువకునకు తెలిసియుండకపోవచ్చును, కాని ఆయన ఏర్పరచిన బహుమానము దానికి చక్కని బాలశిక్షవలెనున్నది.

ఐనను చొక్కాల లెక్కవద్దనే ఆగిపోరాదు. పెద్దవాడైన కొలది యువకుడు మూడు త్యాగములను అభ్యసింపవలెనని మన ఆచార్యులు నేర్పిరి. మొదటిది కర్తృత్వత్యాగము. ఈ చేతులు, ఈ బలము, ఈ బుద్ధి అంతర్యామి యిచ్చినవి. ఆయనయే నాచే చేయించుచున్నాడను భావన. రెండవది మమతాత్యాగము. ఇది నా సంఘము, నా పథకము, నా పేరున జరిగినదను పట్టుదలను విడుచుట. మూడవది ఫలత్యాగము. పొగడ్త వచ్చినను రాకున్నను, ఛాయాచిత్రము అచ్చుపడినను పడకున్నను, మరునాడు మరల కొడవలి పట్టుట. గడ్డి ఈ మూడవ త్యాగమునకు మంచి గురువు. ఈనాడు కోసినది పదిదినములకు మరల పెరుగును. తన పని శాశ్వతమని గర్వించుటకు అది అవకాశమీయదు.

దేవుడు మోసిన తట్ట

ఇంటింటి దొడ్డి బాగుచేయుట లోకసేవ యగునుగాని భగవత్సేవ యెట్లగునని కొందరు ప్రశ్నింపవచ్చును. చేతనాచేతనములన్నియు పరమాత్మకు శరీరమని విశిష్టాద్వైతము బోధించుచున్నది. పాదములు ఒత్తినచో ఆనందించునది పాదముగాదు, ఆ పాదముగల పురుషుడు. అట్లే నడుము వంగిన అవ్వకు చేసిన ఉపచారము ఆమెలోని అంతర్యామికి చెందును. భాగవతము తృతీయస్కంధమున కపిలాచార్యుడు తల్లియైన దేవహూతికి ఉపదేశించుచు, సర్వభూతములలోనున్న ఈశ్వరుని ఉపేక్షించి విగ్రహమును మాత్రమే అర్చించువాని పూజ బూడిదలో పోసిన హోమద్రవ్యము వంటిదని కఠినముగా చెప్పినాడు. అర్చామూర్తి సేవ వలదనుట ఆయన అభిప్రాయము కాదు. గుడిలో నేర్చిన చూపును వీధిలోనికి తెచ్చుకొమ్మనుట అభిప్రాయము.

అదే భాగవతమున నవమస్కంధమందలి అంబరీష మహారాజు ఏడు దీవుల నేలిన సార్వభౌముడు. ఆయన మనసును శ్రీకృష్ణుని పాదములయందును, వాక్కును గుణకీర్తనమునందును, చేతులను హరిమందిరమును తుడుచుటయందును నిలిపినాడు. చీపురు పట్టిన చేతికి కిరీటము అడ్డు రాలేదు. ధర్మరాజు రాజసూయమున అతిథుల పాదములు కడుగు పనిని శ్రీకృష్ణ పరమాత్మయే స్వీకరించినాడు. పూరీ క్షేత్రమున రథయాత్రనాడు గజపతి మహారాజు బంగారుపిడి చీపురుతో రథమును ఊడ్చుట నేటికిని ఆచారముగానున్నది.

ఇక మన తిరుమల చరిత్రను స్మరింతము. శ్రీరంగమున భగవద్రామానుజులు ఒకనాడు శిష్యులను చూచి, తిరుమలకొండపై నివసించి స్వామికి పుష్పకైంకర్యము చేయగలవారెవరని అడిగిరి. ఆ కాలమున కొండపై చలి, అడవి, ఏకాంతము. అందరును మౌనము వహించిరి. అనంతాచార్యులొక్కరే లేచి తాము పోయెదమనిరి. మగధీరుడవు నీవేయని గురువులు మెచ్చుకొనిరి. ఆ మహనీయుడు గర్భవతియైన ధర్మపత్నితో కొండకు వచ్చి, పూదోట వేసి, దానికి నీటివసతి కొరకు స్వహస్తములతో చెరువు త్రవ్వసాగినాడు. ఆయన గునపముతో త్రవ్వుచుండ ఆ సాధ్వి మట్టితట్ట మోయుచుండెడిది. నిండుచూలాలు బరువు మోయుట చూడలేక ఒక బాలుడు వచ్చి తట్ట అందుకొన్నాడు. తన కైంకర్యమున ఇతరులు జోక్యము చేసికొనిరని అనంతాళ్వారులకు ఆగ్రహము కలిగినది. గునపము విసరగా అది బాలుని గడ్డమునకు తగిలినది. బాలుడు అదృశ్యుడైనాడు. గర్భాలయమున చూడగా స్వామివారి చుబుకమునుండి రక్తము స్రవించుచుండెను. ఆచార్యులు వణకుచు పచ్చకర్పూరము అద్దిరి. నాటినుండి స్వామివారి గడ్డమునకు కర్పూరము అలంకారమైనదని పెద్దలు చెప్పుదురు. ఆ గునపము మహాద్వారము వద్ద నేటికిని వ్రేలాడుచున్నది.

ఈ కథ వినునపుడు మనము అనంతాళ్వారుల దీక్షను కొనియాడుదుము. అది యుక్తమే. కాని యువజనులు ఇందులోని బాలుని కూడ తేరిపార చూడవలెను. శ్రీవేంకటేశ్వరుడు ఆనాడు సహస్రనామార్చన అందుకొనుటకు రాలేదు. ఒక గర్భిణి నెత్తిమీది మట్టితట్ట దించుటకు వచ్చినాడు. దెబ్బ తిన్నను తిరిగి ఒక్క మాట అనలేదు. ఎవరును పిలువకయే, బరువు మోయుచున్నవారిని చూచినంతనే చేయి చాచుట భగవంతుని స్వభావము. దారిలో కారు ఆపి వృద్ధుని చేతినుండి యంత్రము అందుకొనిన ఆ విద్యార్థి తెలిసియో తెలియకయో ఆ బాలుని అడుగుజాడలలో నడచినాడు.

అనంతాళ్వారుల పరిశ్రమను స్వామి మరచినాడా? వార్షిక బ్రహ్మోత్సవములు ముగిసిన మరునాడు స్వామి ఆ తోటకు వేంచేసెడి ఉత్సవము బాగ్ సవారి యను పేర తిరుమలలో జరుగుచున్నది. పార పట్టి ఒక భక్తుడు పెంచిన తోటకు లోకనాథుడు తానై వచ్చుచున్నాడు. తోటమాలి కైంకర్యము మన సంప్రదాయమున ఇంత గొప్పది. శ్రీవిల్లిపుత్తూరున పెరియాళ్వారులు తోటమాలియే. ఆయనకు తులసివనముననే గోదాదేవి బిడ్డగా దొరకినది. శ్రీరంగమున పూదోట పెంచిన విప్రనారాయణులు తొండరడిప్పొడి, అనగా భక్తుల పాదధూళి, అను పేరునే తమకు ఉంచుకొనిరి.

మన ముంగిట మొలచినది

అమెరికాలోని కథ విని ఆనందించుటతో మన పని ముగియదు. మన పల్లెలను చూడుడు. పిల్లలు ఉద్యోగములకై హైదరాబాదునకో, బెంగుళూరునకో, సముద్రముల ఆవలికో పోయిరి. పాతకాలపు పెద్దయిల్లు, విశాలమైన దొడ్డి, అందులో ఇద్దరు ముసలివారు. వానలు పడినంతనే బావి చుట్టును, మరుగుదొడ్డి దారిని గడ్డి మోకాలిలోతు పెరుగును. పాముభయము, తేలుభయము. చీకటిపడిన తరువాత పెరటిలోనికి పోవుటకు అవ్వకు ధైర్యము చాలదు. ఫోనులో కుమారుడు అడిగినపుడు మాత్రము "మాకేమి నాయనా, బాగున్నాము" అనును. ఆ గడ్డిమాట చెప్పదు.

ఊరి రామాలయము సంగతియు ఇంచుమించు ఇట్లే యున్నది. ఉత్సవమునాడు విద్యుద్దీపములు వెలుగును. తక్కిన దినములలో ప్రాకారము లోపల వయ్యారిభామ పొదలు. 1950 దశకమున మన దేశమున గుర్తింపబడిన ఈ కలుపు పొలములను, గుడులను, బడులను సమానముగా ఆక్రమించినది. దీని వలన కొందరికి చర్మమున దద్దురులు, ఊపిరాడని జబ్బు కలుగును. ప్రదక్షిణము చేయు దారినే ఇది పట్టినచో మన భక్తికి అర్థమేమి?

కొందరు తలిదండ్రులు దీనికి అడ్డుపడుటయు కలదు. "వేలకు వేలు పోసి చదివించినది గడ్డి కోయుటకా? పదిమంది చూచిన ఏమనుకొందురు?" అందురు. ఈ మాటలో బిడ్డమీది ప్రేమకంటె చేతిపనిమీది చిన్నచూపు ఎక్కువగా నున్నది. చీపురు కొందరి కులమునకు, గ్రంథము కొందరి కులమునకు అని పంచిపెట్టిన పాపమును మనము తరతరములుగా మోయుచున్నాము. లక్ష్మణస్వామి గంపను, అంబరీషుని చీపురును, అనంతాళ్వారుల గునపమును పూజించుచు, ఆ పనినే నిత్యము చేయువారిని చిన్నచూపు చూచుట భాగవతాపచారము. మన కుమారుడు ఒక్కరోజు దోకుడుపార పట్టి చేతులు బొబ్బలెక్కి వచ్చినచో, ఏడాది పొడుగునా ఆ పనిచేయు కూలివానిని "అయ్యా" అని పిలుచుట నేర్చుకొనును. ఈ ఒక్క లాభము చాలును.

కూలివారి నోటికాడి అన్నము తీయరాదనుటయు గమనింపదగినదే. కూలి ఇచ్చుకొనగలవారి దొడ్డిని ఉచితముగా బాగుచేయుట సేవ కాదు. ఈయలేనివారికి, అడుగలేనివారికి చేయుటయే సేవ.

కావున పాఠశాలలలో, కళాశాలలలో చదువుకొను బాలబాలికలకు నా విన్నపము. నెలకు రెండు ఆదివారములు, ఉదయము రెండు గంటల కాలము చాలును. నలుగురైదుగురు కలియుడు. మొదట రామాలయపు వాకిలి, తరువాత ఆ వీధిలో ఒంటరిగా నున్న వృద్ధుల ఇల్లు. కొడవలి, పార, తట్ట, చీపురు ఇండ్లలో ఉన్నవే. వయ్యారిభామను పూవు పూయకముందే, నేల తడిగానున్నపుడు వేళ్ళతో పెరుకవలెను. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండవలెను. ఒళ్ళు పడనివారు దాని జోలికి పోరాదు. పొదలోనికి చేయి పెట్టుటకు ముందు కఱ్ఱతో తట్టి చూడవలెను. ఆ అలబామా యువకుడు బిడ్డలకు చొక్కాతో పాటు కండ్లద్దములు పంపెనని మరువకుడు. జాగ్రత్తయు కైంకర్యమున భాగమే.

గోపురముపై, విమానపు సందులలో మొలచిన రావిమొక్కలను మాత్రము పిల్లలు ఎక్కి పెరుకరాదు. లాగినచో రాతికట్టు కదలును, కాలుజారిన ప్రాణాపాయము. ధర్మకర్తలకు తెలిపి, పనితెలిసినవారిచే తీయింపవలెను. కోసిన గడ్డిలో పశువులు తినదగినది ఏదో పెద్దలనడిగి, దానిని గోశాలకు చేర్చినచో గోగ్రాసపుణ్యము కూడ లభించును. వయ్యారిభామను మాత్రము పశువులకు వేయరాదు.

సముద్రముల ఆవల నివసించు మన తెలుగు కుటుంబములకు ఈ కైంకర్యము మరింత దగ్గరలోనున్నది. మీ యింట యంత్రము ఉండనే యున్నది. ప్రక్క యింటి వృద్ధదంపతులు ఏ మతమువారైననేమి, ఏ రంగువారైననేమి? మీ బిడ్డ వారి ముంగిలి కోసివచ్చిననాడు, ఇచ్చట ఒంటరిగానున్న మీ తలిదండ్రుల దొడ్డిని మరియొకరి బిడ్డ బాగుచేయుటకు ధర్మము దారి చూపును.

తిరుమలకు వచ్చు యాత్రికులకు సేవచేయుటకు 2000లో ఆరంభమైన శ్రీవారిసేవలో దూరప్రాంతములనుండి భక్తులు వచ్చి పాల్గొనుచున్నారు. ఆ భాగ్యము పొందినవారు ధన్యులు. కొండకు రాజాలని యువకుడు విచారింపనక్కరలేదు. మట్టితట్ట దించుటకు స్వామియే బాలుడై వచ్చెను గదా! బరువు మోయుచున్నవారెచ్చట నున్నారో అచ్చటికి ఆయన ముందుగానే వచ్చి నిలిచియుండును. మనము పోయి ఆయన ప్రక్కన చేయి వేయుటయే మిగిలినది.

మహాద్వారము వద్ద ఆ గునపమును దర్శించునపుడు యాత్రికులందరును తమ బిడ్డలకు దానిని చూపి ఈ కథ చెప్పుదురుగాక! ఆ బిడ్డలు ఇంటికి చేరిన పిమ్మట ఒక్క ముంగిలియైనను శుభ్రముచేసి, దానిని శ్రీనివాసుని పాదములకు పుష్పముగా సమర్పింతురుగాక! అలమేలుమంగాసమేతుడైన ఆ శ్రీవేంకటేశ్వరుని కృపాకటాక్షము మన యువజనులపై సదా ప్రసరించుగాక!